పరీక్షకు ముందే జరిగే ఎంపిక: రాజుపాలెం వాడ నుంచి నవోదయ దాకా

పల్లెటూరి పిల్లల్లో చదువులో చురుగ్గా ఉన్నవాళ్లను ఐదో తరగతిలో పరీక్ష పెట్టి ఎంపిక చేసి, ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు ఉంచి చదివించే కేంద్ర ప్రభుత్వ బడి జవహర్ నవోదయ విద్యాలయం. పల్నాడు జిల్లాలో అది చిలకలూరిపేట దగ్గర మద్దిరాలలో ఉంది. సత్తెనపల్లి, పిడుగురాళ్ల మధ్య రోడ్డు మీద ఉన్న రాజుపాలెం నుంచి నరసరావుపేట మీదుగా అక్కడికి వెళ్లొచ్చు. దూరం పెద్ద సమస్య కాదు. ఆ బడి గేటు దాకా వెళ్లే పిల్లలెవరో తేలేది పరీక్ష హాల్లో అని అందరం అనుకుంటాం. నిజానికి అందులో సగం అంతకంటే ముందే, మూడో తరగతి హాజరు పట్టీ దగ్గర, దరఖాస్తు గడువు దగ్గర, కులం కాలమ్ దగ్గర తేలిపోతుంది. మన వాడల పిల్లలు ఎక్కువగా జారిపోయేది అక్కడే. అందుకే ఈ వ్యాసంలో పరీక్ష గురించి ఎంత చెబుతామో, పరీక్షకు ముందున్న మెట్ల గురించీ అంతే చెబుతాం. తల్లిదండ్రులు, ఐదో తరగతి టీచర్లు, వాడలో సాయంత్రం పిల్లలకు చదువు చెప్పే యువత దగ్గర ఉంచుకోవాలని రాస్తున్నాం.

ప్రతిభ పేరుతో కట్టిన బడులు

ప్రతిభ ఉన్న పల్లె పిల్లలకు వేరే బడి కట్టాలన్న ఆలోచన తెలుగు నేలకు కొత్త కాదు. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకులం తెరిచారు. మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో తెరిచారు. ఆ బడుల్లో చదివినవాళ్లు పెద్ద ఉద్యోగాలకు వెళ్లారు. 1986 జాతీయ విద్యా విధానం ఇదే ఆలోచనను దేశమంతటికీ తీసుకెళ్లి, జిల్లాకొక నవోదయ అంది. అంతకు ముందు ఏడాదే హర్యానాలోని ఝజ్జర్‌లో, మహారాష్ట్రలోని అమరావతిలో రెండు బడులతో ప్రయోగం మొదలైంది.

దళిత పిల్లల కోసం నడిచిన దారి వేరు. పల్నాడు వాడల్లో చాలా చోట్ల అక్షరం మిషన్ బడితోనే వచ్చింది. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్, 1849లో పల్నాడుకు వచ్చి గురజాల కేంద్రంగా పనిచేశాడు. తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టళ్లు వచ్చాయి. 1980లలో సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. ఆ పనిలో ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ పేరు ఇప్పటికీ చెప్పుకుంటాం.

ఈ రెండు దారులను జనం రెండు రకాలుగా చూస్తారు. నవోదయ ‘తెలివైనవాళ్ల బడి’, గురుకులం ‘ఎస్సీ బడి’. ఈ విభజన మన ఇళ్లలోకి కూడా వచ్చేసింది. ‘నవోదయ మన పిల్లలకు రాదులే’ అనే మాట వాడలో ఎవరూ ఆలోచించకుండానే అనేస్తారు. ఆ మాట వల్ల వేయని దరఖాస్తులకు లెక్క ఉండదు. పరీక్ష రాసి తప్పినవాళ్ల లెక్కే ప్రభుత్వం దగ్గర ఉంటుంది.

హాజరు పట్టీ చెప్పే అర్హత

నవోదయ ఆరో తరగతికి దరఖాస్తు చేసే పిల్లలు అప్పుడు ఐదో తరగతి చదువుతూ ఉండాలి. ఏ జిల్లా నవోదయకు దరఖాస్తు చేస్తారో ఆ జిల్లాలోనే నివాసం ఉండాలి, ఆ జిల్లాలోనే ఐదో తరగతి చదవాలి. బడి ప్రభుత్వానిదైనా, గుర్తింపు పొందిన ప్రైవేటుదైనా ఫరవాలేదు. ఈ పరీక్ష ఒక్కసారే. ఐదో తరగతి మళ్లీ చదివి రెండోసారి రాస్తామంటే ఒప్పుకోరు.

సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు. ఒక బడిలో ఏడాదికి గరిష్ఠంగా 80 సీట్లు ఉంటాయి కాబట్టి, అందులో 60 అన్నమాట. ఇది మనకు పెద్ద ఆసరా. కానీ గ్రామీణ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లెలోని బడిలో, ప్రతి ఏడూ పూర్తిగా చదివి ఉండాలి. ఈ మూడేళ్లలో ఒక్క రోజైనా పట్టణ ప్రాంతంలోని బడిలో చదివినట్టు రికార్డు ఉంటే ఆ బిడ్డను పట్టణ అభ్యర్థిగానే లెక్కిస్తారు.

ఈ నిబంధనను కాగితం మీద చదివితే అందరికీ ఒకటే. పొలం దగ్గర చదివితే తేడా తెలుస్తుంది. పల్నాడులో పత్తి తీతలు, వాటి వెనకే మిరప కోతలు. జనవరి నుంచి కోతలు ఊపందుకుంటాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ‘సుగ్గి’కి వచ్చే కుటుంబాలు పిల్లలతో సహా ఇక్కడి చేల గట్ల మీద గుడిసెలు వేసుకుంటాయి. నవోదయ పరీక్ష కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. మన వైపు 2025–26 ప్రవేశాలకు 2025 జనవరి 18న, 2026–27 ప్రవేశాలకు 2025 డిసెంబర్ 13న పెట్టారు. సుగ్గికి వచ్చిన బిడ్డ పరీక్ష కేంద్రం వాళ్ల సొంత జిల్లాలో ఉంటుంది, బిడ్డేమో పల్నాడు మిరప చేలో ఉంటుంది. అంతకు ముందు ఏళ్లలో బడి మధ్యలో మానేసి ఉంటే, మూడేళ్లు పూర్తిగా చదివిన రికార్డూ ఉండదు. రాజుపాలెం కూలి కుటుంబాలది ఇంత తీవ్రమైన స్థితి కాకపోయినా, కోతల్లో చంటిబిడ్డను చూసుకోవడానికి అక్కను బడి మాన్పించడం ఇక్కడా ఉన్నదే. నవోదయ సీట్లలో కనీసం మూడో వంతు ఆడపిల్లలకు. ఆ అక్క ఐదో తరగతిలో ఉంటే, ఇంట్లోవాళ్లు వదులుకుంటున్నది ఏమిటో వాళ్లకు ఎవరైనా చెప్పాలి. వలస పోయే ఊళ్లలో సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుస్తాయి. బిడ్డను అక్కడ ఉంచితే హాజరూ నిలుస్తుంది, అర్హతా నిలుస్తుంది.

ఇంకో ప్రమాదం కోచింగ్. ఐదో తరగతిలో బిడ్డను పట్టణంలోని నవోదయ కోచింగ్‌లో వేసి, పేరు అక్కడి బడికి మారిస్తే గ్రామీణ కోటా పోతుంది. డబ్బు పెట్టి అర్హత పోగొట్టుకోవడం అంటే ఇదే.

దరఖాస్తు

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, నవోదయ విద్యాలయ సమితి వెబ్‌సైట్‌లో. రుసుము లేదు. సాధారణంగా వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన కొద్ది రోజులకే మొదలవుతుంది. కావలసినవి: ప్రధానోపాధ్యాయులు సంతకం చేసిన నిర్ణీత నమూనా పత్రం, బిడ్డ ఫొటో, బిడ్డ సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం, ఆధార్ లేదా నివాస ధ్రువపత్రం. ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లేటప్పుడు బడి రికార్డులోని పుట్టిన తేదీ, పేరు అక్షరాలు ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో ముందే చూసుకోవాలి. వాడలో ఇంటి పేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక రాసి ఉండడం, పుట్టిన తేదీ జూన్ నెలకు సర్ది ఉండడం మామూలే. సీటు వచ్చాక ఇలాంటి చోటే ఇబ్బంది పడతారు.

గడువు ముగిశాక సవరణకు కొన్ని రోజులు ఇస్తారు. లింగం, కేటగిరీ, గ్రామీణ–పట్టణ ప్రాంతం, వైకల్యం, పరీక్ష భాష, ఈ ఐదు అంశాలు అప్పుడు మార్చుకోవచ్చు. పరీక్ష భాష విషయంలో ఒక మాట. బడి ఇంగ్లిషు మీడియం కాబట్టి పరీక్షా ఇంగ్లిషులోనే రాయాలని చాలామంది అనుకుంటారు. తెలుగులో రాయొచ్చు. బిడ్డ ఏ భాషలో పేరా చదివి వేగంగా అర్థం చేసుకుంటుందో అదే ఎంచుకోవాలి. ప్రభుత్వ బడి పిల్లల దగ్గర రెండు భాషల్లో అచ్చయిన పాఠ్యపుస్తకాలే ఉన్నాయి కాబట్టి, ఒకే పేజీ రెండు భాషల్లో చదివించి చూస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

కులం కాలమ్

ఎస్సీ, ఎస్టీ సీట్లు జిల్లా జనాభాలో వాళ్ల నిష్పత్తి ప్రకారం ఇస్తారు. అయితే ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం కంటే తగ్గకూడదు, రెండూ కలిపి 50 శాతం దాటకూడదు. ఓబీసీలకు కేంద్ర జాబితా ప్రకారం 27 శాతం ఉంది. ఇక్కడ తప్పక తెలుసుకోవాల్సిన సంగతి: ఎస్సీ, ఎస్టీ సీట్లు ఓపెన్ మెరిట్‌లో ఎంపికైనవాళ్లకు అదనం. అంటే మంచి మార్కులతో ఓపెన్‌లో సీటు తెచ్చుకున్న మాదిగ పిల్లను ఎస్సీ కోటాలో లెక్కగట్టకూడదు. ఆ సీటు ఇంకో ఎస్సీ బిడ్డకు మిగలాలి. ‘మీకెలాగూ కోటా ఉందిగా, కొంచెం చదివితే చాలు’ అని బడిలో ఎవరైనా అంటే దాన్ని ఒప్పుకోవద్దని పిల్లలకు చెప్పాలి. ఓపెన్ అంటే అగ్రకులాల కోటా కాదు, అందరిదీ.

రాష్ట్రంలో 2025లో అమల్లోకి వచ్చిన ఎస్సీ వర్గీకరణ కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నవోదయలో లేదు. ఎస్సీ అంతా ఒకే వర్గం.

క్రైస్తవ కుటుంబాల సంగతి విడిగా చెప్పాలి. మిషన్ బడితో అక్షరం వచ్చిన పల్నాడులో ఇది చిన్న విషయం కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను ఇప్పటికీ చేర్చలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు, వాళ్ల పిల్లలు రాష్ట్రంలో బీసీ–సి. కేంద్ర జాబితాలో ఓబీసీ. కాబట్టి బీసీ–సి పత్రం ఉన్న బిడ్డ నవోదయకు ఓబీసీగా దరఖాస్తు చేయాలి. సీటు వచ్చాక కేంద్ర నమూనాలో ఓబీసీ పత్రం చూపాలి, మామూలుగా రాష్ట్ర అవసరాలకు ఇచ్చే బీసీ పత్రం సరిపోదు. ఒకే వాడలో, ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు పిల్లలు వేర్వేరు కాలమ్‌లలోకి వెళ్తారు. వాడ బయట వాళ్లిద్దరినీ ఒకేలా చూసే ఊరు మాత్రం మారదు. ఈ అన్యాయం మీద వాదన కోర్టుల్లో, చట్టసభల్లో ఎన్నాళ్లుగానో నడుస్తోంది. అది తేలేదాకా బిడ్డ దరఖాస్తు ఆగకూడదు కదా. ఏ పత్రం చేతిలో ఉందో అదే కేటగిరీ రాయాలి, అన్ని చోట్లా ఒకటే రాయాలి.

కుల పత్రానికి గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెడితే తహసీల్దార్ కార్యాలయం విచారించి ఇస్తుంది. నాలుగో తరగతిలోనే తీసుకుని పెట్టుకుంటే తర్వాత పరుగులు పెట్టక్కర్లేదు.

రెండు గంటలు, ఎనభై ప్రశ్నలు

పరీక్ష 100 మార్కులకు, 80 ప్రశ్నలు, రెండు గంటలు. ఒక్కో ప్రశ్నకు 1.25 మార్కులు. తప్పు రాస్తే మార్కు కోత లేదు, అందుకే ఏ ప్రశ్నా వదలకూడదు. మానసిక సామర్థ్యం 40 ప్రశ్నలు, 50 మార్కులు. గణితం 20 ప్రశ్నలు, 25 మార్కులు. భాష 20 ప్రశ్నలు, 25 మార్కులు. మూడింటిలోనూ విడివిడిగా అర్హత మార్కులు రావాలి, ఒకదానిలో ఎక్కువ వచ్చాయని ఇంకోదానిలో తక్కువను పూడ్చుకోలేరు.

సగం మార్కులున్న మానసిక సామర్థ్యం భాగంలో అన్నీ బొమ్మలే. నాలుగింటిలో వేరుగా ఉన్నది ఏది, అచ్చం ఒకేలా ఉన్నది ఏది, ఖాళీ గడిలో ఏ ముక్క సరిపోతుంది, వరుసలో తర్వాతి బొమ్మ ఏది, అద్దంలో ఎలా కనిపిస్తుంది, మడిచి రంధ్రం చేసిన కాగితం విప్పితే ఎలా ఉంటుంది, పెద్ద బొమ్మలో దాగిన చిన్న బొమ్మ ఎక్కడుంది. మామూలు పాఠ్యపుస్తకాల్లో ఇలాంటివి దాదాపు ఉండవు. ప్రైవేటు కోచింగ్ అమ్మేది ప్రధానంగా ఈ భాగాన్నే. మా దృష్టిలో వాడలో సాయంత్రం బడి నడిపేవాళ్లు మొదట చేతిలోకి తీసుకోవాల్సిందీ ఇదే, ఎందుకంటే దీనికి ఇంగ్లిషు అక్కర్లేదు, పెద్ద చదువులు చదివిన తల్లిదండ్రులూ అక్కర్లేదు. పాత పేపరు, కత్తెర, చేతి అద్దం ఉంటే చాలు. కాగితాన్ని ఒకసారి మడిచి మూలన రంధ్రం చేయండి. విప్పకముందు పిల్లల్ని గీసి చూపమనండి. తర్వాత విప్పండి. రెండు మడతలు, అడ్డంగా మడత, ఐమూలగా మడత. వారం రోజుల్లో పిల్లలు మిమ్మల్ని ఓడిస్తారు. అద్దం బొమ్మలకు తెలుగు అక్షరాలు, గడియారం ముళ్లు వాడండి. చుక్కల ముగ్గులో సగం వేసి మిగతా సగం పూర్తి చేయమంటే ఆకృతి పూరణ వస్తుంది. ఇవన్నీ వచ్చాక పాత ప్రశ్నపత్రాలు పెట్టి, గంటలో నలభై ప్రశ్నలు చేయించాలి. తెలిసి కూడా సమయం చాలకపోవడం వల్లే చాలా మార్కులు పోతాయి.

గణితంలో గుణిజాలు, కారణాంకాలు, భిన్నాలు, దశాంశాలు, కొలతలు, లాభనష్టాలు, చుట్టుకొలత, వైశాల్యం లాంటివి. ఈ లెక్కలు ఇంట్లోనే ఉన్నాయి. నాలుగు మిరప టిక్కీలు, ఒక్కొక్కటి 40 కిలోలు, క్వింటా ధర 12,000 రూపాయలైతే మొత్తం ఎంత? 160 కిలోలు, అంటే 1.6 క్వింటాళ్లు, 19,200 రూపాయలు. యార్డు లెక్కలు విని పెరిగిన బిడ్డకు దశాంశ బిందువు పుస్తకంలో కొత్తగా కనిపిస్తుందే తప్ప దాని అర్థం కొత్త కాదు.

భాషలో నాలుగు పేరాలు, ఒక్కో పేరాకు ఐదు ప్రశ్నలు. కథల పుస్తకం రోజూ గట్టిగా చదివించడం మించిన తయారీ లేదు. ఓఎంఆర్ పత్రంలో గుండ్రాలు పెన్నుతో నింపడం ముందే నాలుగుసార్లు చేయించాలి.

గురుకులం దారి

సాంఘిక సంక్షేమ గురుకులాలు, ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ గురుకులాలు, ఐదో తరగతిలో చేర్చుకుంటాయి. అంటే బిడ్డ నాలుగో తరగతిలో ఉండగానే పరీక్ష రాయాలి. 50 మార్కులు, నాలుగో తరగతి స్థాయి: తెలుగు 10, ఇంగ్లిషు 10, గణితం 15, పరిసరాల విజ్ఞానం 15. సీట్లలో ఎస్సీలకు 75 శాతం, బీసీ–సి వాళ్లకు 12, ఎస్టీలకు 6, ఇతర బీసీలకు 5, మిగతావాళ్లకు 2. కుటుంబ వార్షికాదాయం లక్ష రూపాయలు దాటకూడదు.

గురుకులంలో ఐదు చదువుతూ నవోదయ పరీక్ష రాయొచ్చు. అయితే పైన చెప్పిన నిబంధన గుర్తుంచుకోవాలి. ఆ గురుకులం వేరే జిల్లాలో ఉంటే సొంత జిల్లా నవోదయకు అర్హత ఉండదు. పట్టణ ప్రాంతంలో ఉంటే గ్రామీణ కోటా పోతుంది. గురుకులం ఎంచుకునేటప్పుడే ఇది చూసుకోవాలి. నవోదయ రాకపోయినా గురుకులం వెనకబడ్డ దారేమీ కాదు. పదో తరగతి తర్వాత గుంటూరులోని అడవితక్కెళ్లపాడు, కృష్ణా జిల్లా ఈడ్పుగల్లు, కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఐఐటీ, మెడికల్ అకాడమీలు ఈ సంస్థవే.

అందరినీ రాయిస్తే ఏమవుతుంది

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని బ్రోవార్డ్ కౌంటీ అనుభవం మనకు పనికొస్తుంది. అక్కడ ప్రతిభావంతుల తరగతులకు పిల్లల్ని పంపాలంటే తల్లిదండ్రులో టీచరో సిఫారసు చేయాలి. నల్లజాతి, లాటినో, పేద పిల్లలు ఆ తరగతుల్లో చాలా తక్కువ ఉండేవారు. 2005 ప్రాంతంలో కౌంటీ ఒక్క మార్పు చేసింది. సిఫారసుతో పని లేకుండా రెండో తరగతి పిల్లలందరికీ ప్రాథమిక పరీక్ష పెట్టింది. ఎంపిక ప్రమాణం తగ్గించలేదు. అయినా ఆ పిల్లల సంఖ్య గణనీయంగా పెరిగింది. డేవిడ్ కార్డ్, లారా గియులియానో అనే ఆర్థికవేత్తలు 2016లో ఈ ఫలితాలు ప్రచురించారు. తర్వాత ఆర్థిక మాంద్యంలో నిధులు లేవని ఆ పరీక్ష ఆపేశారు, పాత అంతరమే తిరిగి వచ్చింది. పిల్లల తెలివి మధ్యలో పెరగడం, తగ్గడం జరగలేదు. పెద్దవాళ్ల కళ్లకు ఎవరు ఆనారన్నదే మారింది.

మనకు సిఫారసు పద్ధతి లేదు కానీ, దరఖాస్తే ఆ పని చేస్తోంది. తండ్రికి వెబ్‌సైట్ తెలియాలి, తల్లి కూలి మానుకుని ఇంటర్నెట్ సెంటర్‌కు రావాలి, టీచరుకు ‘ఈ బిడ్డ రాయగలదు’ అనిపించాలి. ఆ మూడో షరతు దగ్గర కులం మాట్లాడకుండానే పని చేస్తుంది. అందుకే ఒక అడుగు ముందుకేసి అడగాలి: రాజుపాలెం మండలంలో ఐదో తరగతి చదివే ప్రతి బిడ్డ పేరూ బడి నుంచే నవోదయకు నమోదు కావాలి. వద్దనుకునే తల్లిదండ్రులు వద్దని చెప్పొచ్చు. రుసుము లేదు, నివాసం, చదువు వివరాలన్నీ బడి దగ్గరే ఉన్నాయి. మండల విద్యాశాఖాధికారి ఒక ఆదేశంతో చేయించగల పని ఇది. అది జరిగేదాకా విద్యార్థి సంఘాలు, వాడ యువత జూన్, జూలై నెలల్లో ఐదో తరగతి జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరగడమే మార్గం.

సీటు వచ్చాక, రాకపోయాక

నవోదయలో ఉండడం, తిండి, దుస్తులు, పుస్తకాలు ఉచితం. తొమ్మిది నుంచి పన్నెండు దాకా విద్యాలయ వికాస నిధి కింద నెలకు 600 రూపాయలు తీసుకుంటారు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, ఆడపిల్లలందరికీ, దారిద్ర్యరేఖకు దిగువ కుటుంబాలకు అదీ లేదు. తొమ్మిదో తరగతిలో కొందరిని ఏడాది పాటు హిందీ ప్రాంతపు నవోదయకు పంపుతారు. ఇది ముందే తెలిస్తే ఇంట్లో కంగారు ఉండదు. మొదటి రెండు మూడు నెలలు పదేళ్ల బిడ్డ ఇంటికొస్తానని ఏడవడం సహజం. అమ్మానాన్నలు ఆ ఏడుపుకు కరిగి వెనక్కి తీసుకొచ్చేస్తే సీటు పోతుంది, కాబట్టి మొదట్లో సెలవు రోజున ఎవరో ఒకరు తప్పక వెళ్లి రావాలి.

ఐదో తరగతిలో తప్పినవాళ్లకు ఎనిమిదిలో మళ్లీ రెండు అవకాశాలున్నాయి. నవోదయలో ఖాళీ అయిన సీట్లకు తొమ్మిదో తరగతి ప్రవేశ పరీక్ష పెడతారు. అందులో ఇంగ్లిషు, హిందీ, గణితం, సైన్సు ఉంటాయి. హిందీ 15 మార్కులు కాబట్టి ఏడో తరగతి నుంచే దాన్ని పట్టించుకోవాలి. రెండోది జాతీయ ప్రతిభా ఉపకార వేతనం, ఎన్ఎంఎంఎస్. ఎనిమిదో తరగతిలో రాసే ఈ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. కుటుంబాదాయం మూడున్నర లక్షల లోపుండాలి. ఏడో తరగతిలో ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం, మిగతావాళ్లకు 55 శాతం మార్కులు కావాలి. ఇది ఊళ్లోని జిల్లా పరిషత్, ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకే. గురుకులం, నవోదయ పిల్లలకు వర్తించదు.